దొంగకి పెట్టిన దీపం

మీలో ఎంతమందికి అమ్మానాన్న ఊళ్ళో ఇద్దరే వుంటున్నారు? చేతులెత్తక్కర్లేదు లెండి, నాకు తెలుసు. మా టీమ్‌లో తొమ్మిది మందిమి వుంటే ఏడుగురిది ఇదే కథ. మనం బెంగళూరులోనో హైదరాబాదులోనో పదో అంతస్తులో, కింద ముగ్గురు సెక్యూరిటీ వాళ్ళ కాపలాలో నిద్రపోతాం. వాళ్ళు మాత్రం పెద్ద దొడ్డి, రెండు గేట్లు వున్న పాత ఇంట్లో, వీధి తలుపుకి అడ్డగడియ వేసుకుని పడుకుంటారు.

మా ఇల్లు తెనాలిలో. నాన్న రిటైరైన టీచరు. పోయిన దసరాకి ముందు అమ్మ ఫోన్ చేసి, "రెండు వీధుల అవతల తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డార్రా" అంది. అంతే, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పన్నెండింటికి లాప్‌టాప్ తెరిచి, ఆన్‌లైన్‌లో రెండు 100 వాట్ల ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు ఆర్డర్ పెట్టేశాను. నాలుగున్నర స్టార్లు, ఐపీ65, రెండేళ్ళ వారంటీ. ఇంకేం కావాలి? పండక్కి ఊరెళ్ళి, కరెంటాయన్ని పిలిచి ఒకటి ముందు సజ్జా మీద, ఒకటి వెనక పిట్టగోడ మీద బిగించేశాం. స్విచ్ వేస్తే ఇల్లు క్రికెట్ స్టేడియంలా వెలిగిపోయింది. నాన్న కళ్ళు చికిలించి, "కాస్త ఎక్కువైందేమోరా" అన్నారు. "ఎక్కువైతే నష్టమేంటి నాన్నా, ఎల్‌ఈడీయే కదా" అన్నాను. ఇంజనీరింగ్ చదివిన కొడుకు చెబితే పాపం ఆయన మాత్రం ఏమంటారు?

నష్టమేంటో నెలన్నర తర్వాత తెలిసింది.

కార్తీక మాసంలో ఓ రాత్రి మోటారు కట్టెయ్యడానికి నాన్న దొడ్లోకి వెళ్ళారు. ఫోకస్ లైటు పిట్టగోడ మీంచి నేరుగా ఆయన మొహంలోకి కొడుతోంది. సంపు పక్కన రెండు మెట్లున్నాయి. అవి నీళ్ళ డ్రమ్ము నీడలో వున్నాయి. ఆ వెలుగులోంచి నీడలోకి అడుగేశారు. మెట్టు కనబడలేదు. పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. అమ్మ టీవీ దగ్గర వుంది, వినబడలేదు. దాదాపు ఇరవై నిమిషాలు ఆయన అక్కడే కూచుండిపోయారు. 10,000 ల్యూమెన్ల వెలుతురులో, ఎవరికీ కనబడకుండా.

దొంగ కోసం దీపం పెట్టాం. ఆ దీపానికి పడింది మాత్రం మా నాన్న.

హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక నాకు ఇంకో విషయం తెలిసింది. మా ఎదురింటి మామ్మగారు రోజూ రాత్రి పదిన్నర దాకా వాళ్ళ అరుగు మీద కూచునేవారు. ఆవిడకి నిద్ర పట్టదు. వీధిలో ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు, ఎవరి బండి కొత్తది, అన్నీ ఆవిడకి తెలుసు. దొడ్లోంచి కేకేసినా వీధిలోంచి పలికే మనిషి. మేం లైటు పెట్టిన మర్నాటి నుంచీ ఆవిడ అరుగు మీద కూచోవడం మానేశారట. ముందు ఫోకస్ లైటు సరిగ్గా ఆవిడ కళ్ళల్లోకి కొడుతోంది మరి. నన్ను చూసి, "ఏరా అబ్బాయ్, మీ ఇంటికి దీపం పెట్టావు సరే, నన్నెందుకురా లోపలికి తోలేశావు?" అన్నారు నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ వీధిలో మాకున్న ఒకే ఒక్క సెక్యూరిటీ కెమెరాని నా చేత్తో నేనే ఆపేశాను, అదీ ఇరవై నాలుగ్గంటల సపోర్టున్న కెమెరాని.

ఆ తరువాత బుద్ధిగా కూచుని ఈ లైట్ల సంగతి చదివాను. కొనక ముందు చెయ్యాల్సిన పని కొన్నాక చేశానన్నమాట. రిక్వైర్‌మెంట్స్ రాసుకోకుండా నేరుగా ప్రొడక్షన్‌లోకి తోసేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

వెలుతురు, కనబడటం రెండూ ఒకటి కాదు

మనం లైటుని వాట్లలో కొంటాం. వాట్లంటే అది తినే కరెంటు. ఇచ్చే వెలుతురు ల్యూమెన్లలో వుంటుంది. మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు 900 ల్యూమెన్లు ఇస్తుంది. వెనకటి 60 వాట్ల పిలక బల్బు కంటే అది కాస్త ఎక్కువే. ఆ బల్బు వెలుతుర్లో ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు జరిగాయి. నేను పెట్టిన ఫోకస్ లైటు ఒక్కొక్కటి దానికి పదింతలు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

కన్ను మాత్రం ల్యూమెన్లు లెక్కపెట్టదు, తేడాని చూస్తుంది. కంటికెదురుగా గట్టి వెలుగుంటే కనుపాప ముడుచుకుంటుంది, ఆ వెలుగు పక్కనున్న నీడ మరింత నల్లబడుతుంది. వెలుగులోంచి చీకట్లోకి వెళ్ళినప్పుడు కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అది కుర్రాళ్ళకి. అరవై ఏళ్ళ మనిషి కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళవాడికి చేరేదాంట్లో మూడో వంతే. కనుపాప చిన్నదవుతుంది, లెన్సు పసుపెక్కుతుంది. పైగా శుక్లాలు మొదలైతే ఎదురు వెలుగు కంట్లోనే చెదిరిపోయి తెల్లటి తెర కట్టేస్తుంది. అంటే పెద్దవాళ్ళకి వెలుతురూ ఎక్కువ కావాలి, అది కంట్లో పడకుండానూ వుండాలి. నేను మొదటిదే విన్నాను.

దీనికో చిన్న పరీక్ష వుంది, పైసా ఖర్చు లేదు. రాత్రి మీ గేటు బయట నిలబడి ఇంటివైపు చూడండి. ఇప్పుడు అరచెయ్యి చాపి, ఆ లైటు ఒక్కటే మరుగు పడేలా అడ్డం పెట్టండి. చెయ్యి అడ్డం పెట్టాక ఇల్లు ఇంకా బాగా కనబడితే, ఆ లైటు మీ ఇంటిని కాయట్లేదు, దాస్తోందని అర్థం. నేను మా గేటు బయట నిలబడి ఈ పరీక్ష చేశాను. చెయ్యి అడ్డం పెట్టగానే, అంతవరకూ కనబడని తులసికోట, దాని పక్కన నాన్న సైకిలు, గోడ మూల అన్నీ కనబడ్డాయి. ఆ గోడ మూల నలుగురు నిలబడి వున్నా మామ్మగారికి ఒక్కరు కూడా కనబడరు.

దొంగలు వెలుతురికి భయపడతారా?

సూటిగా చెప్పాలంటే, వెలుతురికి కాదు, చూసేవాళ్ళకి భయపడతారు. ఇది నా సొంత పైత్యం కాదు. ఈ విషయం మీద బయటి దేశాల్లో జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపిస్తాయి. షికాగోలో సందుల్లో 90 వాట్ల దీపాలు తీసి 250 వాట్లవి పెట్టి చూస్తే, 2000లో వచ్చిన రిపోర్టు ప్రకారం నమోదైన నేరాలు తగ్గలేదు సరికదా 21 శాతం పెరిగాయి. ఎక్కువ కనబడటం వల్ల ఎక్కువ నమోదై వుండొచ్చు కూడా. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాల్లో పెద్ద పెద్ద లైటు టవర్లు పెడితే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు 36 శాతం తగ్గాయని లెక్క తేలింది. ఇంగ్లండు, వేల్సుల్లో 62 స్థానిక సంస్థలు వీధి దీపాలు తగ్గించడమో ఆర్పెయ్యడమో చేస్తే నేరాలు పెరిగినట్టు ఆధారం దొరకలేదని 2015లో ఇంకో అధ్యయనం చెప్పింది.

ఇందులో నాకు బాగా నచ్చింది 2002లో బ్రిటన్ హోమ్ శాఖ ప్రచురించిన ఫారింగ్టన్, వెల్ష్‌ల సమీక్ష. అమెరికాలో 8, బ్రిటన్‌లో 5 అధ్యయనాల్ని కలిపి చూస్తే, వీధి దీపాలు బాగుచేసిన చోట నేరాలు మొత్తమ్మీద 20 శాతం తగ్గాయి. కానీ తమాషా ఏంటంటే, రాత్రి నేరాలు పగటి నేరాలకంటే ఎక్కువగా ఏమీ తగ్గలేదు. పగలు వెలగని దీపం పగటి దొంగతనాన్ని ఎలా ఆపింది? వాళ్ళ వివరణ ఏంటంటే, దీపాలు బాగుపడితే ఆ వీధి మీద జనానికి మమకారం పెరుగుతుంది, ఒకరినొకరు కనిపెట్టుకుని వుంటారు, పని చేసేది అదీ అని.

అంటే దీపం కాపలా కాయదు. కాపలా కాసే మనిషికి సాయం చేస్తుంది. ఆ మనిషిని తరిమేసే దీపం ఎన్ని వాట్లున్నా దండగే. మా మామ్మగారి అరుగు చెప్పింది కూడా ఇదే, నాకే ఆలస్యంగా వినబడింది.

మళ్ళీ మొదట్నుంచి

సంక్రాంతికి వెళ్ళి అన్నీ మార్చాను. ఈసారి ముందు కొనలేదు. రాత్రి తొమ్మిదింటికి నాన్నతో పాటు ఇంటి చుట్టూ నడిచాను. ఆయన ఎక్కడ కాలు తడుముకుంటున్నారో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ పోయాను. ఐదు గీతలొచ్చాయి. అందులో ఒక్కటి కూడా నేను లైటు పెట్టిన చోట లేదు!

ఇప్పుడున్నది ఇది:

గేటు దగ్గర ఒక 9 వాట్ల బల్బు, పసుపు రంగు వెలుతురుది, పైన టోపీలాంటి షేడుతో. వెలుతురంతా కిందకే పడుతుంది, బల్బు వీధిలోకి కనబడదు. గేటు దగ్గరికి ఎవరొచ్చినా మొహం తెలుస్తుంది. పసుపు రంగంటే 2700 నుంచి 3000 కెల్విన్ అని డబ్బా మీద వుండేది. 6500 అని వుంటే నీలం కలిసిన తెలుపు. ఆ తెలుపుకి పురుగులు ఎక్కువ చేరతాయి. వానలప్పుడు ఉసిళ్ళు, వాటికోసం బల్లులు, కప్పలు. కప్పల కోసం ఏమొస్తుందో దొడ్డి వున్నవాళ్ళకి తెలుసు.

దీనికి చీకటి పడితే తనే వెలిగి తెల్లారితే తనే ఆరిపోయే సెన్సరు పెట్టాను. ఇది బద్ధకం కోసం కాదండోయ్. మనవాళ్ళు ఊరెళ్ళేటప్పుడు వరండా లైటు వేసి వెళ్ళిపోతారు. పట్టపగలు పన్నెండింటికి కూడా అది వెలుగుతూ వుంటుంది. "ఈ ఇంట్లో ఎవరూ లేరు" అని బోర్డు కట్టినట్టే. అయితే ఈ సెన్సరు తన బల్బు వెలుగు తనమీదే పడేలా బిగిస్తే, వెలిగి, తెల్లారిందనుకుని ఆరి, మళ్ళీ వెలిగి... రాత్రంతా అదే పని. ఇన్‌ఫినిట్ లూప్ అనేది గోడ మీద కూడా రాయొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మెట్ల దగ్గర, మోకాలి కంటే కింద గోడకి, 5 వాట్ల చిన్న లైటు. మెట్టు అంచు కనబడితే చాలు. అంచుకి తెల్ల పెయింటు కూడా వేయించాను. మొత్తం ప్రాజెక్టులో అత్యంత ఉపయోగపడిన పని ఆ పెయింటేనని అమ్మ అభిప్రాయం.

దొడ్లో మనిషి కదిలితే వెలిగే లైటు, 12 వాట్లు. ఇందులో వుండేది పీఐఆర్ సెన్సరు. ఇది మనిషిని చూడదు, వేడి కదలికని చూస్తుంది. దాని ముందు అడ్డంగా నడిస్తే వెంటనే పట్టుకుంటుంది, నేరుగా దానివైపే నడిచొస్తే ఆలస్యంగా పట్టుకుంటుంది. అందుకని దొడ్డి గేటుకి ఎదురుగా కాకుండా పక్క గోడకి, ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెట్టాలి. అరిటాకు ఊగినా, ఏసీ బయటి యూనిట్ వేడిగాలి కొట్టినా, పిల్లి వెళ్ళినా వెలుగుతుంది. మరీ సున్నితంగా పెట్టామా, రాత్రికి నలభైసార్లు వెలిగి చివరికి దాన్నెవరూ పట్టించుకోరు. ఆన్‌కాల్‌లో అర్థంలేని అలర్టులొచ్చి వొచ్చి మనం ఫోన్ సైలెంట్‌లో పెట్టినట్టే. ఇంకోటి, మన వేసవి రాత్రుల్లో గాలి వేడి ఒంటి వేడికి దగ్గరగా వుంటుంది, అప్పుడు దీనికి మనిషి, గోడ తేడా సరిగా తెలియదు. మే నెలలో ఇది కాస్త మందగిస్తుందని తెలిసే పెట్టుకోవాలి.

ఇక ఆ 100 వాట్ల ఫోకస్ లైటు ఒకటి దొడ్లోనే వుంచాను, నేలవైపుకి వంచి. దాని స్విచ్ మాత్రం అమ్మానాన్న మంచం పక్కన. అర్ధరాత్రి చప్పుడైతే తలుపు తియ్యకుండా, మంచం దిగకుండా నొక్కాలి. రోజంతా వెలిగే లైటుని దొంగ కూడా అలవాటు చేసుకుంటాడు. హఠాత్తుగా వెలిగితే లోపల ఎవరో మేలుకున్నారని అర్థం. ఫోకస్ లైటుకి అంతకంటే మంచి ఉద్యోగం లేదు.

కరెంటు దగ్గర బేరాలొద్దు

మొదటిసారి కరెంటాయన రెండు వైర్లే లాగాడు. "ఎర్తు ఎందుకు సార్, ఎల్‌ఈడీయే కదా" అన్నాడు. గమనించారా, నేను నాన్నకి చెప్పిన డైలాగే! ఫోకస్ లైటుది అల్యూమినియం బాడీ. వానలో తడిసేది. లోపల ఇన్సులేషన్ పోతే ఆ బాడీ మొత్తం షాకు కొడుతుంది. ఐపీ65 అంటే దుమ్ము చొరబడదు, ఏ వైపు నుంచి నీళ్ళు చిమ్మినా ఫరవాలేదు అని. కానీ అది లైటుకే. దాని తోకలా వచ్చే వైరుకి మనం బయట టేపు చుట్టి వదిలేసిన జాయింటుకి కాదు. ఆ జాయింటు మూత వున్న బాక్సులో వుండాలి. వైరు బాక్సులోకి వెళ్ళేముందు కిందకి ఒక వంపు తిరగాలి, అప్పుడు వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. స్విచ్ ఫేజునే ఆపాలి, న్యూట్రల్‌ని కాదు. అన్నిటికీ మించి బయటి లైన్లకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనుషుల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. దొంగ నుంచి కాపాడుకుందామని పెట్టిన లైటు షాకు కొడితే అంతకంటే అన్యాయం వుంటుందా?

సోలార్ పెట్టమని చాలామంది చెప్పారు. తప్పు కాదు, కానీ డబ్బా మీద అంకె నమ్మకండి. చిన్న ప్యానెల్ 10 వాట్లదనుకుందాం. మంచి ఎండ ఐదు గంటలు దొరికితే రోజుకి 50 వాట్-అవర్లు. రాత్రి 12 గంటలకి పంచితే నాలుగు వాట్ల పైచిలుకు, నష్టాలు తీసేస్తే ఇంకా తక్కువ. డబ్బా మీద మాత్రం 300 వాట్లని వుంటుంది. మెట్ల దగ్గరికి బాగుంటుంది, గేటంతటినీ దానికి అప్పగించకండి. ముసురు పట్టిన నాలుగు రోజులూ అదే ముందు నిద్రపోతుంది.

బిల్లు సంగతీ చెప్పేస్తాను. రెండు 100 వాట్ల లైట్లు రాత్రికి 12 గంటల చొప్పున నెలకి 72 యూనిట్లు తిన్నాయి. ఇప్పుడు రాత్రంతా వెలిగేవి 9 వాట్లదీ 5 వాట్లదీ, రెండూ కలిపి నెలకి ఐదు యూనిట్లు. మిగతావి అవసరమైనప్పుడే.

అసలు సంగతి

ఇదంతా చదివి మీలో కొందరు "సీసీ కెమెరా పెట్టెయ్యొచ్చుగా" అనొచ్చు. పెట్టుకోండి, మేమూ పెట్టాం. కానీ కెమెరా చూపులో ఫోకస్ లైటు పడిందంటే దానిదీ మా నాన్న గతే, బొమ్మంతా తెల్లగా, మనిషి నల్లగా. పైగా కెమెరాలో నేను బెంగళూరు నుంచి చూస్తాను సరే, చూసి ఏం చేస్తాను? ఎదురింటికే ఫోన్ చెయ్యాలి. ఎదురింటి వాళ్ళతో మన సంబంధం అప్పటికే ఎలా వుందన్నదే ప్రశ్న.

నిజం చెప్పాలంటే, ఆ రాత్రి నేను లైట్లు కొన్నది దొంగల భయంతో కాదు. నేను అక్కడ లేనన్న బాధ. దానికి రెండు క్లిక్కుల్లో మందు దొరికింది, కాబట్టి వేసేశాను. ఎంత దూరంగా వుంటే అంత పెద్ద వాట్లు కొంటాం మనం. వాళ్ళకేం కావాలో వాళ్ళతో ఒక రాత్రి నడిచి చూసేంత తీరిక వుండదు. "కాస్త ఎక్కువైందేమోరా" అని నాన్న మొదటిరోజే చెప్పారు. అంతకంటే స్పష్టమైన బగ్ రిపోర్ట్ నా కెరీర్‌లో ఎప్పుడూ రాలేదు. నేనే దాన్ని "వర్కింగ్ యాజ్ డిజైన్డ్" అని మూసేశాను.

అందుకని నా మనవి ఒక్కటే. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఏమీ కొనకుండా వెళ్ళండి. రాత్రి తొమ్మిదింటికి అమ్మానాన్నల్లో ఒకర్ని వెంటబెట్టుకుని ఇంటి చుట్టూ ఓసారి నడవండి. గేటు బయట నిలబడి అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. తర్వాత ఎదురింటికి వెళ్ళి, మా లైటు మీ కళ్ళల్లో పడుతోందా అని అడగండి. అప్పుడు కొనండి, ఎంత తక్కువలో అయిపోతుందో మీకే ఆశ్చర్యమేస్తుంది.

నాన్న చెయ్యి కట్టు విప్పేశారు. పూర్తిగా తిరగడం లేదు గానీ సుద్దముక్క పట్టుకోగలుగుతున్నారు, వీధిలో పిల్లలకి మళ్ళీ లెక్కలు చెబుతున్నారు. మామ్మగారు అరుగు మీదికొచ్చేశారు. మొన్న ఫోన్‌లో అమ్మ చెప్పింది, రాత్రి పదింటికి ఎవరో కొత్తవాళ్ళు మా గేటు దగ్గర ఆగితే, అరుగు మీంచే "ఎవరు కావాలి బాబూ?" అని అడిగారట ఆవిడ. అడ్రసు వెతుక్కుంటున్న పార్సెల్ కుర్రాడు, అంతే. అయినా ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది.